మడమ నొప్పి: వ్యాయామమా, ఇన్‌సోలా, ఇంజెక్షనా, షాక్‌వేవా?

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కింద మేకు దిగినట్టు కలుక్కుమంటుంది. నాలుగడుగులు నడిస్తే కాస్త సర్దుకుంటుంది. గంటసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే పోటు. ఈ లక్షణాలతో వెళ్లినవాళ్లకు డాక్టర్లు సాధారణంగా చెప్పే పేరు ప్లాంటార్ ఫాసియైటిస్. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద పరుచుకుని, పాదం వంపును నిలబెట్టే మందపాటి కణజాలం ఒకటుంది. అది మడమకు అతుక్కునే చోట దెబ్బతినడమే ఈ జబ్బు. పదిమందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అంచనా. 40 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లలోనూ, పరుగు అలవాటున్నవాళ్లలోనూ ఎక్కువ.

పేరు తెలిశాక తికమక మొదలవుతుంది. ఒకరు వ్యాయామం చాలంటారు. ఇంకొకరు ప్రత్యేకంగా కొలతలు తీసి ఇన్‌సోల్ (బూటు లోపల పాదం కింద పెట్టుకునే మెత్త) చేయించుకోమంటారు. మరొకరు ఒక్క ఇంజెక్షన్‌తో పోతుందంటారు. షాక్‌వేవ్ (బయటి నుంచి ఒత్తిడి తరంగాలు కొట్టడం), పీఆర్పీ (మన రక్తంలోని ప్లేట్‌లెట్లనే ఎక్కించడం), చివరికి ఆపరేషన్ మాట కూడా చెవిన పడుతుంది. వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. అన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టి ఏది గొప్పదని అడిగితే మాత్రం జవాబు దొరకదు. మీ నొప్పి వయసెంత అన్న ప్రశ్నతో మొదలుపెడితే సగం చిక్కు విడిపోతుంది.

## ముందుగా, ఇది ఆ నొప్పేనా?

మడమ అడుగున, లోపలి వైపుకు, ఒక చోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, పొద్దుటి మొదటి అడుగుకు పోటు. ఈ రెండూ ఉంటే చాలామందికి స్కానింగ్ కూడా అక్కర్లేదు. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్‌లో ఆ కణజాలం మందం చూస్తారు. 4 మిల్లీమీటర్లు దాటితే జబ్బు ఉన్నట్టు లెక్క.

ఎక్స్‌రేలో "మడమ ఎముక ముల్లులా పెరిగింది" అని చెప్పగానే చాలామంది బెంబేలెత్తిపోతారు. ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్లలోనూ ఈ ముల్లు కనిపిస్తుంది. నొప్పికి కారణం అదేనని అనుకుని దాన్ని కోయించుకోవాలని తొందరపడొద్దు.

కింది వాటిలో ఏది ఉన్నా ఈ పోలికను పక్కనపెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి:

- విశ్రాంతిగా ఉన్నా, రాత్రి నిద్రలోనూ తగ్గని నొప్పి
- మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే తీవ్రమైన నొప్పి (ఎముకలో సన్నని పగులు కావచ్చు)
- అరికాల్లో తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం (నరం నొక్కుకుపోయి ఉండవచ్చు)
- చిన్న వయసులో రెండు మడమలూ నొప్పి, దాంతోపాటు పొద్దున నడుము పట్టేయడం (కీళ్లవాతం కోవకు చెందిన జబ్బు కావచ్చు)
- టప్‌మన్న శబ్దంతో ఒక్కసారిగా మొదలైన నొప్పి
- షుగర్ ఉన్నవాళ్లకు పాదం ఎర్రగా, వేడిగా వాచిపోవడం. ఇది మాత్రం ఆ రోజే చూపించుకోవాల్సిన సంగతి.

## దేన్ని బట్టి పోల్చాలి

నేను పోల్చేటప్పుడు ముందు చూసేది ఉపశమనం ఎప్పుడు వస్తుంది, ఎంతకాలం నిలుస్తుంది అన్నది. ఈ రెండూ ఒకటి కావు. వెంటనే తగ్గించేది ఎక్కువకాలం నిలవకపోవచ్చు. తర్వాత, చికిత్స వికటిస్తే దాన్ని వెనక్కి తీసుకోగలమా? ఇన్‌సోల్ సరిపడకపోతే తీసి పక్కన పడేస్తాం, కోసిన కణజాలాన్ని తిరిగి అతికించలేం. మూడోది, రోజూ మీరు ఎంత పని పెట్టుకోగలరు. చాలా మంచి వ్యాయామం కూడా చేయకపోతే సున్నాయే. షుగర్, రక్తం పలచబరిచే మందులు, గర్భం వంటివి ఉంటే కొన్ని దారులు మొదటే మూసుకుపోతాయి.

వీటన్నిటికంటే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఇంజెక్షనూ ఆపరేషనూ లేకుండా, మామూలు జాగ్రత్తలతోనే పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ఏడాదిలోపు బాగుపడతారు. కాబట్టి ఏ చికిత్స గురించైనా "దీనితో తగ్గుతుందా?" అని అడగడం సరిపోదు. "దీనివల్ల ఆ ఏడాది ఎన్ని నెలలకు కుదించుకుపోతుంది?" అని అడగాలి. ఖరీదైన చికిత్స తర్వాత తగ్గిన నొప్పి, ఎలాగూ తగ్గబోయే నొప్పే అయి ఉండవచ్చు.

## వ్యాయామం: సాగదీయడం, బరువు మోయించడం

ఇందులో రెండు రకాలున్నాయి. తేడా తెలియకుండా "ఎక్సర్‌సైజులు చేశాను, లాభం లేదు" అనేవాళ్లే ఎక్కువ.

మొదటిది సాగదీయడం. కూర్చుని, నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద పెట్టుకోవాలి. కాలివేళ్లను చేత్తో పట్టుకుని వెనక్కి, మోకాలి కింది ముందు ఎముక వైపు లాగాలి. అరికాల్లో తాడు బిగిసినట్టు చేతికి తగలాలి. పది అంకెలు లెక్కపెట్టేదాకా అలా పట్టి వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మొదటి విడత మంచం దిగకముందే చేయాలి, దీని బలమంతా అందులోనే ఉంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, దీర్ఘకాలంగా మడమ నొప్పి ఉన్నవాళ్లను రెండు గుంపులు చేసి ఎనిమిది వారాలు చూశారు. పిక్క కండరాన్ని మాత్రమే సాగదీసినవాళ్ల కన్నా, ఇలా అరికాలినే సాగదీసినవాళ్లకు ఎక్కువ మేలు కనిపించింది. గోడకు చేతులు ఆనించి పిక్క సాగదీయడం కూడా పనికొస్తుంది, కానీ రెంటిలో ఒకటే చేయగలనంటే మొదటిదే ఎంచుకోండి.

రెండోది బరువు మోయించడం. మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ల కింద టవల్ చుట్ట పెట్టి, వేళ్లు పైకి వంగి ఉండేలా చూసుకోవాలి. ఒక్క కాలి మీద మూడు సెకన్లలో మడమ పైకి లేపి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించాలి. రోజు విడిచి రోజు చేయాలి. పన్నెండేసి చొప్పున మూడు విడతలతో మొదలుపెట్టి, బలం వచ్చేకొద్దీ వీపుకు బ్యాగు తగిలించుకుని బరువు పెంచుతూ, లెక్క తగ్గిస్తూ పోవాలి. డెన్మార్క్ పరిశోధకులు 2014లో దీన్ని సాగదీయడంతో పోల్చారు. మూడు నెలల దగ్గర బరువు మోయించినవాళ్లు బాగా ముందున్నారు. ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ ఒక్కచోటికే చేరాయి. నేను పైన చెప్పిన లెక్కకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు: గమ్యం రెంటికీ ఒకటే, రెండో దారి దగ్గర.

అయితే అది కొంచెం నొప్పి ఓర్చుకోవాల్సిన దారి. చేసేటప్పుడు నొప్పి ఓర్చుకోదగ్గంత ఉండి, మర్నాడు పొద్దుటికి పెరగకపోతే ఫర్వాలేదు. పెరిగితే బరువు తగ్గించాలి. నొప్పి మరీ కొత్తగా, తీవ్రంగా ఉన్నవాళ్లు రెండు మూడు వారాలు సాగదీయడం చేసి, ఆ తర్వాత దీనిలోకి దిగడం మంచిది.

## చెప్పులు, ఇన్‌సోల్, టేపు

గట్టి నేల మీద వట్టికాళ్లతో నడవడం మానేయడం అన్నిటికన్నా చవకైన చికిత్స. ఇంట్లో కూడా మడమ కాస్త ఎత్తుగా, మెత్తగా ఉన్న చెప్పులు వేసుకోండి. పలచటి అడుగున్న చెప్పులు ఈ కొన్ని నెలలూ పక్కన పెట్టండి.

ఇన్‌సోల్ విషయంలో పాదం అచ్చు తీసి ప్రత్యేకంగా చేయించుకోవాలా, దుకాణంలో దొరికే రెడీమేడ్ సరిపోతుందా అన్నదే పెద్ద ప్రశ్న. 2006లో 135 మందిని మూడు గుంపులు చేశారు: ఒకరికి ప్రత్యేకంగా చేసినవి, ఒకరికి రెడీమేడ్, ఒకరికి పేరుకు మాత్రమే ఇన్‌సోల్ అనిపించుకునే మెత్తటి స్పాంజి ముక్క. మూడు నెలల దగ్గర మొదటి రెండు గుంపులకూ నడకలో కొద్దిపాటి మేలు కనిపించింది, ఆ రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాదికి ముగ్గురూ సమానమే. అందుకే పాదం వంపు కింద గట్టి ఊతమిచ్చే రెడీమేడ్‌తో మొదలుపెట్టమంటాను. ప్రత్యేకంగా చేయించుకోవడం ఎప్పుడంటే, షాక్‌వేవ్ దాకా వెళ్లినా తగ్గకపోతే, లేదా మీ పాదం ఆకారం రెడీమేడ్‌లో ఇమడనిదైతే. మీ దగ్గర పోడియాట్రిస్ట్ (పాదాల వైద్య నిపుణులు) అందుబాటులో ఉంటే ఈ రెండో సందర్భంలో వాళ్ల సలహా అసలు విలువ తెలుస్తుంది.

టేపింగ్ అంటే అరికాలికి ఊతంగా అంటుకునే పట్టీ వేయడం. అది కొద్ది రోజుల ఉపశమనమే, కానీ ఆ కొద్ది రోజులూ బాగా పనిచేస్తుంది. దానిలో ఇంకో లాభం ఉంది: టేపు వేసినప్పుడు నొప్పి బాగా తగ్గితే, పాదం వంపుకు ఊతమిచ్చే ఇన్‌సోల్ మీకు పనిచేసే అవకాశం ఎక్కువ.

రాత్రి వేసుకునే స్ప్లింట్ పాదాన్ని కిందికి జారనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పొద్దుటి మొదటి అడుగే మీ ప్రధాన బాధ అయితే ఒకటి నుంచి మూడు నెలలు వాడి చూడొచ్చు. దీని శత్రువు నిద్ర. చాలామంది అర్ధరాత్రి విప్పి పారేస్తారు.

## స్టిరాయిడ్ ఇంజెక్షన్

అందరూ అడిగేది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ఇంజెక్షన్ పనిచేస్తుంది, ఆ మాట నిజం. 2012లో 82 మందితో చేసిన అధ్యయనంలో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సరైన చోటే మందు వేశారు. నాలుగు వారాల దగ్గర నొప్పి తగ్గింది. ఎనిమిది, పన్నెండు వారాల దగ్గర ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లతో పోలిస్తే తేడా నిలవలేదు. 2017లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ (వైద్య అధ్యయనాలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షా ఇంచుమించు అదే చెప్పింది: నెల దాకా కొద్దిగా మేలు, ఆపైన లేదు.

ఎందుకిలా? స్టిరాయిడ్ వాపును అణచే మందు. ఈ జబ్బు నెలలు గడిచేకొద్దీ వాపు కన్నా అరుగుదలగా మారుతుంది. ఆపరేషన్లలో తీసిన 50 నమూనాలను పరిశీలించి 2003లో వెలువరించిన వ్యాసం చెప్పింది కూడా ఇదే: కణజాలం పీచులు చెదిరి, క్షీణించి ఉంది కానీ వాపు ఆనవాళ్లు లేవు. అరిగినదాన్ని బాగుచేసే గుణం స్టిరాయిడ్‌కు లేదు.

నష్టాలు అరుదే, కానీ వచ్చాయంటే వెనక్కి పోవు. అరికాలి కణజాలం తెగిపోవచ్చు. మడమ కింద ఉండే సహజమైన కొవ్వు మెత్త పలచబడిపోతే అడుగడుగునా ఎముక నేలకు తగిలినట్టే ఉంటుంది. పదేపదే వేయించుకుంటే ఈ ప్రమాదం పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులపాటు చక్కెర స్థాయి పెరుగుతుంది.

మరి ఎవరికి? నొప్పితో అడుగే పడక వ్యాయామం కూడా మొదలుపెట్టలేనివాళ్లకు. ఒక ఇంజెక్షన్‌తో దొరికే ఆ నాలుగు వారాల్లో వ్యాయామం అలవాటు చేసుకుంటే దానికి అర్థం ఉంది. నొప్పి లేదు కదా అని ఆ నాలుగు వారాలూ పరుగులు పెట్టేవాళ్లు వేయించుకోకపోవడమే మంచిది.

## షాక్‌వేవ్

మూత్రపిండాల్లో రాళ్లు పగలగొట్టే యంత్రాల నుంచి పుట్టిన పద్ధతి ఇది. మడమ నొప్పికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2000లో మొదటి యంత్రాన్ని అనుమతించింది. శరీరం బయటి నుంచే ఒత్తిడి తరంగాలను నొప్పి ఉన్న చోట కొడతారు. సాధారణంగా వారానికొకటి చొప్పున మూడు నుంచి ఐదు సిట్టింగులు. చేసేటప్పుడు నొప్పిగానే ఉంటుంది, తర్వాత ఒకటి రెండు రోజులు ఎక్కువ కూడా కావచ్చు. మేలు నెమ్మదిగా, ఆరు నుంచి పన్నెండు వారాల్లో తెలుస్తుంది. మొదటి సిట్టింగ్ అయిన మర్నాడే తేడా లేదని మానేయడం దండగ.

2021లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన మార్గదర్శిక వరుస ఇది: మొదట సాగదీయడం, టేపింగ్, జబ్బు గురించి రోగికి వివరంగా చెప్పడం. వీటితో తగ్గకపోతే షాక్‌వేవ్. అప్పటికీ కాకపోతే ప్రత్యేకంగా చేయించిన ఇన్‌సోల్. నా ఓటూ ఈ వరుసకే. నొప్పి మొదలై మూడు నాలుగు నెలలై, వ్యాయామం నిజాయతీగా చేసినా ఆగిపోయినచోటే ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ కన్నా షాక్‌వేవ్ మేలు. గర్భిణులకు, రక్తం గడ్డకట్టే లోపాలున్నవాళ్లకు, ఆ చోట ఇన్‌ఫెక్షన్ లేదా కణితి ఉన్నవాళ్లకు చేయరు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. స్టిరాయిడ్ ఇంజెక్షన్ పడి కొన్ని వారాలు గడవకుండా కూడా సాధారణంగా చేయరు, కాబట్టి రెంటిలో ఏది ముందో తొందరపడకుండా తేల్చుకోండి.

## పీఆర్పీ, ఇంకా కొత్తవి

మీ రక్తమే కొంత తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న భాగాన్ని మడమలోకి ఎక్కిస్తారు. మొదటి కొన్ని వారాలు ఏమీ తెలియకపోవచ్చు, నొప్పి పెరగనూవచ్చు. పలు అధ్యయనాల్లో ఆరు నెలలు, ఏడాది దగ్గర స్టిరాయిడ్ కన్నా మెరుగ్గా నిలిచింది. లోపమల్లా తయారీకి ఒక కొలమానం లేకపోవడం. ఒక క్లినిక్‌లో ఇచ్చే పీఆర్పీ, మరో క్లినిక్‌లో ఇచ్చేది ఒకటే అనుకోలేం. ఆరు నెలలు దాటిన మొండి నొప్పికి, ఆపరేషన్ ఆలోచించే ముందు మెట్టుగా దీన్ని చూస్తాను.

బోటులినమ్ (కండరాలను వదులు చేసే మందు) ఇంజెక్షన్, రేడియో తరంగాలతో కాల్చడం, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పాడైన కణజాలాన్ని సన్నని పరికరంతో తొలగించడం, తక్కువ మోతాదు రేడియేషన్ వంటివి కూడా వాడుతున్నారు. జర్మనీలో ఈ చివరిది చాలాకాలంగా ఉంది. మొదటి ఆరు నెలల్లో వీటి జోలికి వెళ్లాల్సిన అవసరం దాదాపు ఎవరికీ ఉండదు.

## ఒక్క చూపులో

| చికిత్స | ఏ దశలో | మేలు తెలిసేది | నిలకడ | చెడు జరిగితే |
|---|---|---|---|---|
| సాగదీయడం, చెప్పుల మార్పు | మొదటి రోజు నుంచే | 2–8 వారాలు | బాగుంటుంది | ఏమీ లేదు |
| బరువు మోయించడం | తీవ్రత తగ్గాక | 3 నెలలు | బాగుంటుంది | నొప్పి పెరిగితే బరువు తగ్గించడమే |
| టేపింగ్ | మొదటి వారాలు | వెంటనే | కొద్ది రోజులు | చర్మం దురద, పుండు |
| రెడీమేడ్ ఇన్‌సోల్ | మొదటి నెల నుంచి | కొన్ని వారాలు | ఓ మోస్తరు | తీసేస్తే సరి |
| స్టిరాయిడ్ ఇంజెక్షన్ | అడుగు పడనప్పుడు | రోజుల్లో | సుమారు నెల | అరుదు, కానీ వెనక్కి పోదు |
| షాక్‌వేవ్ | 3 నెలల తర్వాత | 6–12 వారాలు | బాగుంటుంది | తాత్కాలిక నొప్పి, కమిలిపోవడం |
| పీఆర్పీ | 6 నెలల తర్వాత | సుమారు 3 నెలలు | బాగుండవచ్చు | నొప్పి పెరగడం, అరుదుగా ఇన్‌ఫెక్షన్ |
| ఆపరేషన్ | 6–12 నెలలు అన్నీ చేశాక | నెలలు | చాలామందికి బాగుంటుంది | పాదం వంపు కుంగడం, నరం దెబ్బ |

## మీరెవరు?

రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు విశ్రాంతి తీసుకోమనే సలహా ఎందుకూ పనికిరాదు. మీకు ఇన్‌సోల్, టేపు మిగతావాళ్లకన్నా ఎక్కువ అక్కరకొస్తాయి. నిలబడే చోట కింద మెత్తటి మ్యాట్ వేసుకోగలిగితే వేసుకోండి. ఇంటికొచ్చాక బరువు మోయించే వ్యాయామానికి ఓపిక లేకపోతే పొద్దుటి సాగదీత ఒక్కటైనా వదలకండి.

పరుగెత్తేవాళ్లు పూర్తిగా మానేయనక్కర్లేదు. దూరం తగ్గించి, మర్నాటి పొద్దుటి నొప్పిని కొలబద్దగా పెట్టుకోండి. బరువు మోయించడం ముఖ్యంగా మీకోసమే. పోటీ దగ్గరపడిందని స్టిరాయిడ్ వేయించుకుని పరుగెత్తడం మాత్రం వద్దు. కణజాలం తెగే ప్రమాదం మీకే ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్లు ముందు పాదాల్లో స్పర్శ ఉందో లేదో పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గితే ఐస్ పెట్టడం, బిగుతుగా టేపు వేయడం, గట్టి ఇన్‌సోల్ వాడటం, అన్నీ పుండుకు దారితీయవచ్చు. కొత్త ఇన్‌సోల్ వేసుకున్న మొదటి రోజుల్లో కొద్దిసేపటికొకసారి తీసి, ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసుకోండి.

బరువు ఎక్కువ ఉన్నవాళ్లకు తగ్గమని చెప్పడం అందరూ చేసే పనే. మడమ మీద భారం తగ్గుతుందన్నది నిజమే, కానీ బరువు తగ్గేదాకా మిగతావి ఆపుకోనక్కర్లేదు. రెండూ పక్కపక్కనే నడవనివ్వండి.

ఇక ఏడాది దాటినా తగ్గనివాళ్లు. అరికాలి కణజాలంలో కొంత భాగాన్ని, సాధారణంగా సగానికి మించకుండా, కోసి వదులు చేసే ఆపరేషన్ ఒకటుంది. పిక్క కండరం బాగా బిగిసిపోయినవాళ్లకు అసలు పాదం జోలికే వెళ్లకుండా పిక్క దగ్గరే వదులు చేసే ఆపరేషన్ ఇంకొకటి, ఈమధ్య సర్జన్లు దీనివైపు ఎక్కువ మొగ్గుతున్నారు. ఎక్కువ భాగం కోస్తే పాదం వంపు కుంగి, పాదం బయటి అంచున కొత్త నొప్పి మొదలవుతుంది. మామూలు నడకకు వారాలు, పూర్తిగా కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఇంతకాలం మొండికేసిన నొప్పిలో కొందరికి అసలు జబ్బే వేరుగా ఉంటుంది: మడమ దగ్గర చిన్న నరం నొక్కుకుపోవడం, ఎముకలో పగులు, కీళ్లవాతం. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు ఎంఆర్ఐ, అవసరమైన ఇతర పరీక్షలు చేయించి ఈ మూడూ లేవని తేల్చమని డాక్టరును అడగండి. పిక్క బిగువును పరీక్షించారా, మీకు చెబుతున్నది ఏ ఆపరేషన్, ఎందుకు అన్నది కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.